పరపతిని నిలబెట్టిన దివాను – మొదటి సాలార్ జంగ్

హైదరాబాదులో సాలార్ జంగ్ అనగానే మూసీ ఒడ్డున ఉన్న మ్యూజియము, అందులోని గంటల గడియారము, ముసుగు రెబెకా శిల్పము తలపునకు వస్తాయి. ఆ పేరు ధరించినవారు ఒకరు గాక ముగ్గురని, ముగ్గురూ నిజాం రాజ్యానికి ప్రధానమంత్రులుగా పనిచేశారని, మ్యూజియములోని వస్తువులలో అధికభాగం సేకరించినది వారిలో మూడవవారైన మీర్ యూసుఫ్ అలీ ఖాన్ అని మన విద్యార్థులలో చాలమందికి తెలియదు. మేమిచ్చట చెప్పదలచినది ఆయన తాతగారి కథ. మీర్ తురాబ్ అలీ ఖాన్, బిరుదులతో సాలార్ జంగ్, ముఖ్తార్-ఉల్-ముల్క్, 1853 నుండి 1883 వరకు ముప్పది సంవత్సరాలు హైదరాబాదు రాజ్యపు దివానుగా ఉన్నారు. ఆయన కట్టించిన భవనాలను, తెచ్చిన సంస్కరణలను గురించి చరిత్ర పుస్తకాలు చెప్పనే చెబుతాయి. వాణిజ్యశాస్త్రము చదువుకొనే విద్యార్థులు ఉన్న కళాశాల మనది గనుక మేము వేరొక వైపు నుండి చూడదలచాము. మాట చెల్లని ఒక సర్కారు మాటను ఆయన మరల ఎట్లు చెల్లించారు, ఆ పనిలో ఎక్కడ గెలిచారు, ఎక్కడ ఓడారు అన్నదే మా విషయము.

ఉర్దూలో సాఖ్ అని ఒక మాట ఉన్నది. తెలుగులో దానికి సరిపడినది పరపతి. అప్పు పుట్టడాన్నీ పరపతి అంటాము, నలుగురిలో మాట చెల్లడాన్నీ పరపతి అంటాము. రెండు అర్థాలకు ఒకటే మాట పెట్టుకొన్న మన పెద్దలు బజారు సంగతి ఎరిగినవారు. 1853 నాటికి హైదరాబాదు సర్కారుకు ఈ రెండు అర్థాలలోనూ పరపతి లేదు.

ఆ స్థితి ఒక్కనాట వచ్చినది కాదు. ఆ శతాబ్దపు తొలి దశకాలలో రాజ్యపు వ్యవహారమంతా పేష్కారు మహారాజా చందూలాల్ చేతిలో ఉండేది. బ్రిటిషువారు రాజ్యముపై మోపిన కంటింజెంటు సైన్యపు జీతాలు నెలనెలా చెల్లించాలి. వసూళ్లు చాలవు, అప్పు తేవాలి. రెసిడెన్సీ నీడలో వెలసిన విలియం పామర్ కంపెనీ నూటికి పాతిక దాకా వడ్డీకి అప్పు ఇచ్చింది. 1820లో 60 లక్షల పెద్ద అప్పునకు గవర్నరు జనరల్ అనుమతి కూడా లభించింది. ఆ సంవత్సరమే రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ ఆ లెక్కలలోని లోగుట్టు బయటపెట్టాడు. చివరకు ఆ బాకీ తీర్చడానికి, ఉత్తర సర్కారుల నిమిత్తం ఈస్టిండియా కంపెనీ ఏటా నిజాముకు చెల్లించవలసిన 7 లక్షల పేష్కష్‌ను, 1823లో సుమారు కోటి 16 లక్షలకు శాశ్వతంగా వదులుకోవలసి వచ్చింది. శ్రీకాకుళము నుండి గుంటూరు దాకా గల తీరభూమికి ప్రతిఫలంగా మిగిలియున్న రాబడి ఆ విధంగా ఒక వడ్డీ వ్యాపార సంస్థ ఖాతాలో కలిసిపోయింది. మరుసటి ఏడే పామర్ కంపెనీ దివాలా తీసింది.

ఆ తరువాత అప్పులు ఇచ్చినవారి అనుభవం మరొక విధమైనది. పేస్తన్‌జీ మెహర్‌జీ అనే పారశీక వర్తకుని సంస్థ సర్కారుకు భారీగా అప్పులు ఇచ్చి, తాకట్టుగా బీరారు ప్రాంతపు తాలూకాలను పొంది, అక్కడి శిస్తు వసూలు చేసికొనేది. ఔరంగాబాదులో పేస్తన్‌షాహీ అను పేర రూపాయలు కూడ ముద్రించింది. 1843లో చందూలాల్ రాజీనామా చేశారు. రెండేండ్లకు కొత్త ప్రభుత్వము బాకీ తీర్చకుండానే ఆ తాలూకాలను బలవంతంగా లాగికొన్నది. సంస్థ కూలిపోయింది. కార్వాన్‌లోను, బేగం బజారులోను గల గుజరాతీ, మార్వాడీ, గోసాయి సాహుకార్లందరు ఈ సంగతిని చూస్తూనే ఉన్నారు. సర్కారు పత్రము వ్రాసి ఇచ్చినా, తాలూకా తాకట్టు పెట్టినా, దివాను మారితే అది చెల్లని చిత్తు కాగితమని వారికి బోధపడింది.

ఇక మిగిలినవి అరబ్బు జమాదార్ల అప్పులు. వారు కాగితాన్ని నమ్మరు, తమ చేతిలోని తుపాకిని నమ్ముతారు. అప్పిచ్చి కోటలను, తాలూకాలను తమ మనుషులతో పట్టుకొని కూర్చొనేవారు. బాకీ పడినవానిని తమ ఇండ్లలోనే నిర్బంధించేవారు. నమ్మకము లేనిచోట అప్పు దొరకకుండా పోదు, అది జామీను రూపంలో తుపాకిని అడుగుతుంది, దానికి తగిన వడ్డీని కూడ అడుగుతుంది. ఆనాటి హైదరాబాదే దీనికి నిదర్శనము.

తురాబ్ అలీ ఖాన్ 1829లో బీజాపురములో జన్మించారు. మీర్ ఆలం, మునీర్-ఉల్-ముల్క్ వంటి దివానులకు వారసులు. బాల్యంలోనే తండ్రి మరణించగా పినతండ్రి సిరాజ్-ఉల్-ముల్క్ సంరక్షణలో పెరిగారు. చదువు గొప్పగా సాగినదని చెప్పలేము, ఆంగ్లము తరువాత స్వయంకృషితో నేర్చుకొన్నారు. ఆయన అసలు పాఠశాల ఖమ్మం ప్రాంతము. ఇంకా ఇరువది ఏండ్లు నిండకుండానే, డైటన్ అనే ఆంగ్లేయుడు అంతకుముందు నిర్వహించిన తెలంగాణా తాలూకాలపై కొన్ని నెలలు తాలూక్‌దారుగా పనిచేశారు. శిస్తు ఎవరి వద్ద నుండి ఎట్లు వస్తుంది, దారిలో ఎన్ని చేతులు మారుతుంది, ఖజానాకు ఎంత చేరుతుంది అన్నది అక్కడ కండ్లారా చూశారు. దివాను కుటుంబాలలో పుట్టిన యువకులకు ఆ కాలములో ఇటువంటి అవకాశము సామాన్యంగా దొరికేది కాదు.

1853 మే 21న సిరాజ్-ఉల్-ముల్క్ దివానుగిరీలో బ్రిటిషువారితో ఒడంబడిక జరిగింది. కంటింజెంటు జీతాల నిమిత్తము బీరారు, రాయచూరు అంతర్వేది, ధారాశివ ప్రాంతాలను కంపెనీ స్వాధీనము చేయవలసి వచ్చింది. సుమారు 50 లక్షల రాబడి గల భూమి అది. అయిదు దినాలకే సిరాజ్-ఉల్-ముల్క్ కన్నుమూశారు. మే 31న నవాబు నాసిరుద్దౌలా, ఇరువది నాలుగేండ్ల తురాబ్ అలీ ఖాన్‌ను దివానుగా నియమించారు. ఈ పదవి ఆయన కోరుకొన్నది కాదు. పినతండ్రి జాగీర్లతో తృప్తిపడి ఊరకుండేవాడినని, నిరాకరిస్తే తానూ తన కుటుంబమూ సర్వనాశనమౌతామని మిత్రులు హెచ్చరించడము వలననే ఒప్పుకొన్నానని ఆయన డైటన్‌కు వ్రాసిన లేఖ వలన తెలుస్తున్నది. జీవితచరిత్రలు వ్రాసేవారు నాయకులకు బాల్యము నుండే మహాసంకల్పాలు అంటగడుతుంటారు. సాలార్ జంగ్ భయపడుతూ పదవిలోకి వచ్చారనడము వలన ఆయన గౌరవానికి లోటు రాదని మా అభిప్రాయము.

ఖజానా ఖాళీ, నిజాం ఆభరణాలు తాకట్టులో ఉన్నాయి, సిపాయిలకు జీతాలు బాకీ. ఇట్టి స్థితిలో ఒక కొత్త దివానుకు రెండు మార్గాలు కనబడతాయి. పాత అప్పులు నావి కావని త్రోసివేయడము ఒకటి, ఇంకా పెద్ద అప్పు తెచ్చి పాత అప్పు తీర్చడము ఇంకొకటి. మొదటిది పేస్తన్‌జీ విషయములో జరిగినది, రెండవది చందూలాల్ చేసినది. సాలార్ జంగ్ రెండూ విడిచిపెట్టారు. అరబ్బుల చేతిలోను, పఠానుల చేతిలోను ఉన్న తాలూకాల లెక్కలు తెప్పించి, న్యాయముగా రావలసినది ఎంతో తేల్చి, అది చెల్లించే ఏర్పాటు చేసి, భూమిని విడిపించుకొంటూ వచ్చారు. అరబ్బుల వ్యాజ్యాలకు ప్రత్యేకంగా న్యాయస్థానము ఏర్పరచి, బాకీదారులను ఇండ్లలో బంధించే ఆచారాన్ని మాన్పించారు. విడిపించిన తాలూకాలను తిరిగి గుత్తకు ఇవ్వలేదు. అంతవరకు తాలూక్‌దారు అనగా సర్కారుకు ముందుగా సొమ్ము కట్టి, తరువాత రైతుల వద్ద పిండుకొనేవాడు. మరొకడు ఎక్కువ నజరానా ఇస్తే మొదటివానిని మధ్యలోనే తొలగించేవారు. రేపు ఉంటాడో లేదో తెలియని తాలూక్‌దారు ఈనాడే అంతా దండుకొనక ఏమి చేస్తాడు? సర్కారును అతడు నమ్మడు, అతడిని రైతు నమ్మడు. సాలార్ జంగ్ ఆ గుత్తదారుల స్థానంలో నెలజీతగాండ్రను నియమించారు.

ఇందులో మెరుపులేమీ లేవు. చెప్పిన తేదీకి చెప్పిన పైకము ఇవ్వడము, మరుసటి వాయిదాకు మరల ఇవ్వడము, ఆ పై వాయిదాకు మరల ఇవ్వడము, ఇంతే. ఎగవేసే అధికారము చేతిలో ఉండి కూడ ఎగవేయకపోవడమే సాహుకారు దృష్టిలో పెద్ద జామీను. బలహీనుడు బాకీ తీర్చితే భయపడి తీర్చాడంటారు. సర్కారు తీర్చితే వాయిదాకు వాయిదా కలిసి ఒక నడవడి ఏర్పడుతుంది, రేపటి అప్పును ఆ నడవడిని చూసి ఇస్తారు. కొన్ని సంవత్సరాలలో, తలుపులు మూసికొన్న సాహుకార్లు మళ్లీ సర్కారుతో వ్యవహారానికి ముందుకు వచ్చారు. తాకట్టులోని ఆభరణాలు విడిపించబడ్డాయి.

నాణెముల సంగతి కూడ ఇక్కడ చెప్పవలెను. గోవింద్‌బక్షీ, పేస్తన్‌షాహీ, బాగ్‌చలనీ అని ఆనాడు రాజ్యములో రకరకాల రూపాయలు చెలామణిలో ఉండేవి. ఒక్కొక్కదాని తూకము, వన్నె వేరు. వాటిని మార్చుకొనేటప్పుడు షరాబుకు బట్టా చెల్లించాలి. పల్లె నుండి పైకము తెచ్చినవాడు తన చేతిలోని రూపాయి పట్నములో ఎంతకు చెల్లుతుందో ఎరుగడు. సాలార్ జంగ్ జిల్లాలలోని టంకసాలలను క్రమంగా మూయించి, రాజధానిలోని టంకసాలలో హాలీ సిక్కా ముద్రింపజేశారు. తెలియనివాని చేతి నుండి తీసికొన్న రూపాయిని గీచి చూడకుండా పెట్టెలో వేసికొనగలగడము బజారుకు ఎంత మేలో వర్తకుల బిడ్డలైన మన విద్యార్థులకు మేము వివరించనక్కరలేదు.

ఇంతలో 1857 వచ్చింది. మే నెలలో నాసిరుద్దౌలా మరణించి, అఫ్జలుద్దౌలా సింహాసనమెక్కారు. ఉత్తరాదిన సిపాయిల తిరుగుబాటు రగులుతున్నది. నగరములో జనమంతా దానికి అనుకూలంగా ఉన్నారు. జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వాన రోహిల్లాలు రెసిడెన్సీపై దాడి చేశారు. అదే నేటి కోఠి మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణము. దాడి జరుగనున్నదన్న వార్తను సాలార్ జంగ్ ముందుగానే రెసిడెంటు డేవిడ్‌సన్‌కు పంపియున్నారు. దాడి విఫలమైంది. తుర్రేబాజ్ ఖాన్ తరువాత హతుడయ్యారు, మౌల్వీని అండమానుకు పంపించారు. ఆ ఇద్దరినీ ఈనాడు మనము స్వాతంత్ర్య యోధులుగా స్మరించుకొంటున్నాము. మరి సాలార్ జంగ్‌ను ఏమనాలి? ఒడంబడిక చేసికొన్నాక నిలబడాలన్నది ఆయన పక్షము. ఓడిపోయే పక్షాన చేరితే రాజ్యమే పోతుందన్న లెక్క కూడ అందులో ఉన్నదని మేమనుకొంటాము. ఆయన సాహుకార్ల వద్ద సంపాదించిన నమ్మకము నగర వీథులలో ఆనాడు పోగొట్టుకొన్నారన్నది మాత్రము నిజము. 1859 మార్చి 15న దర్బారు ముగించుకొని ఆయన, రెసిడెంటు కలిసి వెలుపలికి వస్తుండగా జహాంగీర్ ఖాన్ అనేవాడు వారిపై తుపాకి పేల్చాడు. గురి తప్పింది. 1868లో మరల ఒకసారి ఆయనపై కాల్పులు జరిగాయి, అప్పుడూ బ్రతికి బయటపడ్డారు.

బ్రిటిషువారు కృతజ్ఞత చూపిన తీరు గమనింపదగినది. 1860 డిసెంబరు ఒడంబడికలో 50 లక్షల బాకీ రద్దు చేశారు, రాయచూరు అంతర్వేదిని, ధారాశివను తిరిగి ఇచ్చారు, షోరాపురము అదనంగా ఇచ్చారు. బీరారును మాత్రము ఉంచుకొన్నారు. 1853 ఒడంబడిక ప్రకారము బీరారు రాబడిలో ఖర్చులు పోగా మిగిలినది నిజాముకు చెందాలి, లెక్కలు చూపాలి. ఏడేండ్లుగా ఆ లెక్కలే తగాదా. 1860లో, లెక్కలు అడిగే హక్కునే నిజాం వదులుకొన్నట్లు వ్రాయించుకొన్నారు. మిగులు ఉంటే ఇస్తాము, ఉన్నదో లేదో మేమే చెబుతామన్నది ఆ షరతు సారాంశము. భాగస్వామి లెక్కల పుస్తకము చూడరాదని వ్రాసికొన్న వ్యాపారాన్ని మన వాణిజ్య విద్యార్థులు ఏమంటారో మేము ఊహించగలము. మరుసటి దశకంలో అమెరికా యుద్ధము వలన పత్తి ధర పెరిగి బీరారు సంపన్నమైంది. రాబడి పెరిగినకొద్దీ పరిపాలన ఖర్చులూ పెరుగుతూ వచ్చాయి.

ఇక్కడి నుండి ఆయన జీవితములోని విచిత్రము మొదలవుతుంది. రాజ్యములో అందరి చేత అందరినీ నమ్మించిన ఆ మనిషిని, ఎవరి కోసమైతే అది చేశారో ఆ ప్రభువు నమ్మలేదు. అఫ్జలుద్దౌలాకు తన దివాను రెసిడెంటు మనిషి అన్న అనుమానము ఎన్నడూ పోలేదు. సన్నిధికి పిలుపు అరుదుగా వచ్చేది. నగర ద్వారము దాటాలన్నా, తన ఇంట విందు చేయాలన్నా దివాను ప్రభువు సెలవు తీసికోవలసిందే. ఆ నవాబు బ్రతికి ఉన్నంతకాలము సాలార్ జంగ్ రాజ్యములోని జిల్లాలను పర్యటించి చూసే స్వేచ్ఛ ఎరుగరు. 1861లో కొందరు దర్బారీలు, దివానును తొలగించాలని రెసిడెంటే కోరుకొంటున్నాడని నవాబును నమ్మించారు. నవాబు ఆ మాట ఎత్తగా రెసిడెంటు ఆశ్చర్యపోయాడు, కుట్ర బయటపడింది. 1867లో సాలార్ జంగ్ విసిగి రాజీనామా ఇచ్చి, తిరిగి ఉపసంహరించుకొన్నారు. నవాబును మేము పూర్తిగా తప్పు పట్టము. తన తండ్రి చేత బీరారు వ్రాయించుకొన్నవారికి ఆప్తుడైన దివానును ఏ ప్రభువు నిశ్చింతగా నమ్ముతాడు?

తాను బయటకు వెళ్లలేని ఆ దేవ్డీలో కూర్చుండియే ఆయన రాజ్యమును మార్చివేశారు. 1865లో జిల్లాబందీ జరిగి జిల్లాలు, తాలూకాలు, వాటిపై జీతమిచ్చే అధికారులు ఏర్పడ్డారు. పోలీసు శాఖ, న్యాయ శాఖ వేరయ్యాయి. 1868లో శాఖలపై సదరుల్‌మహాములను నియమించారు. వంశపారంపర్యంగా రెవెన్యూ దఫ్తరులు తమ చేతిలో ఉంచుకొన్న పాత దఫ్తర్‌దారులను ఆయన అవమానించి తొలగించలేదు. వారి గౌరవాలు, జాగీర్లు అట్లే ఉంచి, కొత్త దఫ్తరు పెట్టి, పనిని మెల్లమెల్లగా అక్కడికి తరలించారు. పాత ఇండ్లతో వైరము రాకుండా పాత పద్ధతిని ఖాళీ చేసిన ఉపాయమిది. ఉత్తరాది నుండి విద్యావంతులను రప్పించారు. సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, మెహదీ అలీ, చిరాగ్ అలీ వంటివారు అట్లు వచ్చినవారే. సమర్థులు దొరికారు, కాని బయటివారే సర్వము అన్న మనస్తాపము స్థానికులలో నాటుకొన్నది. ముల్కీ, గైర్ ముల్కీ తగవునకు ఆ నాటి విత్తనము ఎంతకాలము ఫలించిందో మనకు తెలుసు.

రైతు సంగతికి వస్తే మా ప్రశంసకు కొంత పరిమితి పెట్టుకోక తప్పదు. పంటలో పాలు తీసికొనే పద్ధతి పోయి నగదు శిస్తు వచ్చింది, గుత్తదారు పీడ చాలవరకు తొలగింది, ఇది గొప్ప మేలు. అయితే పల్లెలో లెక్క తెలుగులోనో మరాఠీలోనో వ్రాసేవారు, దఫ్తరులో లెక్క ఫారసీలో ఉండేది. సాలార్ జంగ్ చివరిదాకా ఫారసీనే అధికార భాషగా నిలిపారు. ఉర్దూ కూడ ఆయన అనంతరమే ఆ స్థానానికి వచ్చింది. తన పేర ఏమి వ్రాశారో తెలియని తెలుగు రైతు ఆ వ్రాతను నమ్మాలంటే మధ్యవర్తిని నమ్మాలి. నగదు శిస్తు కోసము అతడు మళ్లీ ఊరి వడ్డీ వ్యాపారి గడపే ఎక్కాడు. బేగం బజారు సాహుకారుకు దక్కిన నమ్మకము పల్లె రైతు దాకా దిగలేదని మేము అనక తప్పదు.

1869లో అఫ్జలుద్దౌలా మరణించగా, మూడేండ్లైనా నిండని మీర్ మహబూబ్ అలీ ఖాన్‌ను సింహాసనముపై కూర్చుండబెట్టారు. సాలార్ జంగ్, అమీర్-ఎ-కబీర్ సంరక్షకులుగా రాజ్యభారము వహించారు. అప్పుడు గాని ఆయనకు కాలు కదిపే స్వేచ్ఛ రాలేదు. 1874లో వాడి నుండి హైదరాబాదుకు రైలు వచ్చింది. కాని ఆయన మనస్సంతా బీరారు మీదనే.

1872లో ఆయన, సహసంరక్షకుడు కలిసి భారత ప్రభుత్వము ఎదుట ఒక ప్రతిపాదన ఉంచారు. కంటింజెంటు జీతాల భద్రతకే గదా బీరారు మీ వద్ద ఉన్నది, ఆ జీతాలకు సరిపడు వడ్డీ వచ్చేటంత పెద్ద మూలధనాన్ని నగదుగా మీ వద్ద ఉంచుతాము, భూమి మాకు తిరిగి ఇవ్వండి అన్నది దాని సారము. ఇరువది ఏండ్ల క్రితము సిపాయి జీతానికి నగలు తాకట్టు పెట్టిన సర్కారు ఈ మాట అనగలిగిందంటే ఆయన పనికి అంతకుమించిన యోగ్యతాపత్రము అక్కరలేదు. 1853లో బీరారు పోయినది హైదరాబాదు మాట చెల్లకపోవడము వలన. ఇప్పుడు మాట చెల్లుతున్నది. కాబట్టి జామీను తిరిగి ఇవ్వాలన్నది సాహుకారు ధర్మము, సాలార్ జంగ్ దానినే నమ్ముకొన్నారు. బ్రిటిషు ప్రభుత్వము నిరాకరించింది. డబ్బు భూమికి సమానమైన భద్రత కాదన్నది. అప్పు తీర్చినా తాకట్టు వస్తువును వదలనివానితో బజారులో ఎవరూ రెండవసారి వ్యవహారము చేయరు. కాని సామ్రాజ్యానికి ఎదురుగా వేరొక దుకాణము లేదు గదా.

ఆయన విడువలేదు. మళ్లీ వ్రాశారు, మళ్లీ కాదన్నారు. 1876లో ఐరోపా యాత్ర చేశారు. రోములో పోపును దర్శించారు, బెంజోనీ చెక్కిన ముసుగు రెబెకాను కొన్నది ఆ యాత్రలోనే. పారిస్ హోటలులో మెట్లపై జారిపడి కాలు విరిగింది, అయినా లండను చేరారు. విక్టోరియా రాణి ఆదరించింది, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము గౌరవ పట్టమిచ్చింది, లండను నగరము పౌరసత్వమిచ్చింది. బీరారు మాత్రము ఎవరూ ఇవ్వలేదు. పైగా ఆ యాత్ర ఆయనను కలకత్తా ప్రభుత్వపు అనుమానానికి గురిచేసింది. తమను దాటి లండనుకు వెళ్లి చెప్పుకొన్నవాడని వైస్రాయి లిట్టన్ ఆయనపై కన్నెర్ర చేశాడు. 1877లో అమీర్-ఎ-కబీర్ మరణించగా, ఆ స్థానములో సాలార్ జంగ్‌కు బద్ధవిరోధి అయిన రషీదుద్దీన్ ఖాన్ వికార్-ఉల్-ఉమ్రాను సహసంరక్షకునిగా నియమించి, ఒప్పుకొంటారా, పదవి వదులుకొంటారా అనే స్థితికి తెచ్చారు. ఆయన తల వంచారు. 1857లో ఎవరి ప్రాణాలకు అడ్డుపడ్డారో వారే ఆయన ఆంగ్లేయ కార్యదర్శిని తొలగించమని శాసించి తొలగించేదాకా ఊరుకోలేదు.

ఈ ఘట్టములో ఆయన పదవి వదలివేసి ఉంటే బాగుండేదని కొందరు అంటారు. మేము అట్లు భావించము. బాలుడైన నవాబు ఇంకా ఎదగలేదు. ఇరువది ఏండ్లకు పైగా వాయిదాలకు వాయిదాలు కట్టి నిలబెట్టిన ఖజానా వికార్-ఉల్-ఉమ్రా చేతిలో ఏమై ఉండేదో చెప్పలేము. 1881లో ఆయన మరణించాక సాలార్ జంగ్ ఒక్కరే సంరక్షకులయ్యారు. ఆ ఏకాంతాధికారము రెండేండ్లు కూడ నిలువలేదు.

1883 ఫిబ్రవరి మొదటి వారములో జర్మనీ దేశపు మెక్లెన్‌బర్గు ప్రభువు హైదరాబాదు వచ్చాడు. మీర్ ఆలం చెరువు వద్ద ఆయన గౌరవార్థము సాలార్ జంగ్ విందు ఇచ్చారు. ఆ వెంటనే కలరా సోకింది. ఫిబ్రవరి 8వ తేదీన, యాభై నాలుగేండ్ల వయస్సులో కన్నుమూశారు. దాయిరా మీర్ మోమిన్‌లో పూర్వుల సమాధుల చెంతనే ఆయనను ఖననము చేశారు. భారత ప్రభుత్వము ప్రత్యేక గెజిటు వెలువరించి, బ్రిటిషు ప్రభుత్వము ఒక అనుభవజ్ఞుడైన మిత్రుని కోల్పోయినదని సంతాపము తెలిపింది. ఆ మిత్రుడు పదేండ్లుగా వ్రాసిన అర్జీలు అప్పటికి వారి దఫ్తరులోనే ఉన్నాయి.

మరుసటి ఏడు మహబూబ్ అలీ ఖాన్ రాజ్యాధికారము స్వీకరించి, సాలార్ జంగ్ పెద్దకుమారుడు మీర్ లాయక్ అలీ ఖాన్‌ను దివానుగా నియమించారు. బీరారు ఎన్నడూ తిరిగి రాలేదు. 1902లో వైస్రాయి కర్జన్ హైదరాబాదు వచ్చి నవాబుతో మాట్లాడి, ఏడాదికి 25 లక్షలకు దానిని శాశ్వత కౌలుగా వ్రాయించుకొన్నాడు. 1853 నాటి తాకట్టు పత్రము ఆ విధంగా మూతపడింది, లెక్కలు చూపకుండానే.